సరంగు గారి సీమచింత

కరోనా భయం సద్దుమణిగిన మరుసటి ఏడు, మాఘమాసం మొదట్లో, నా ఉద్యోగంలో ఆఖరి బాధ్యత నాకు అప్పగించారు. అప్పటికి నేను జొన్నాడ దగ్గర హైవే పక్కనున్న ఒక ప్రైవేటు నర్సరీలో సీనియర్ కొనుగోలు అధికారిని. రాజోలు, మలికిపురం వైపు ఊళ్ళు తిరిగి, బోన్సాయికి పనికొచ్చే పాత చెట్లు వెతికి కొనాలి. రిటైరవడానికి ఇంకో రెండేళ్ళుంది. హోదా వినడానికి ఘనంగానే ఉంటుంది. ఊళ్ళలో మాత్రం నన్ను మొక్కల మేస్టారనేవారు, వెనకాల మొండిచెట్ల మేస్టారనేవారు. రెండోదే సరైన పేరు.

బోన్సాయి అంటే కుండీలో పొట్టిగా పెంచిన ముసలి చెట్టని అందరికీ తెలుసు. ఆ ముసలితనం రెండు దారుల్లో వస్తుంది. విత్తనం నుంచి మొదలుపెట్టి, తీగ చుట్టి, కత్తిరించి తెప్పించడం ఒక దారి. దానికి ఒక మనిషి జీవితం సరిపోదు. ఎక్కడో దానంతటది దెబ్బలు తిని పొట్టిగా మిగిలిపోయిన చెట్టును వేళ్ళతో సహా లేపి, కుండీకి అలవాటు చేయడం రెండో దారి. ఏటా మేకలు కొరికేసిన చింత, మూతపడ్డ రైసుమిల్లు గోడలో ఇరుక్కుని బతికిన జువ్వి, ఇలాంటివన్న మాట. నేను ఎత్తు చూసేవాణ్ణి కాదు. మొదలు లావు చూసేవాణ్ణి, బెరడు చూసేవాణ్ణి. మొక్కై వంగనిది మానై వంగునా అంటారు. మా వృత్తి అంతా ఆ సామెతకు ఎదురు నడవడమే.

కొనడానికి పద్ధతి ఉంది. ఏటిగట్టు మీదివి, కాలవ పక్కవి, దేవుడి మాన్యంలోవి, మడ అడవిలోవి ముట్టుకోకూడదు. చెట్టు పట్టా భూమిలో ఉండాలి, యజమాని ఒప్పుకోవాలి, రెవెన్యూ వాళ్ళ అనుమతి రావాలి. అప్పుడు బయానా ఇచ్చి చెట్టుకు ఎర్రగుడ్డ కడతాం. ఇవన్నీ తేలికే. కష్టమల్లా బేరం. నేను ఒక చెట్టు వైపు రెండోసారి చూశానంటే చాలు, దానికి అప్పటికప్పుడు చరిత్ర పుట్టుకొచ్చేది. నిన్నటిదాకా పొయ్యిలోకి పనికిరాని ముళ్ళకంప, నేను టీ తాగి లేచేసరికి వాళ్ళ ముత్తాత కాశీ నుంచి తెచ్చి నాటిన చెట్టయి కూర్చునేది.

అందుకే మంగమ్మ గారు ఫోను చేసినప్పుడు నేను పెద్దగా నమ్మలేదు. రాజోలు దాటాక వసిష్ఠ ఒడ్డున వాళ్ళ ఊరు. ఊరి పేరు రాయను. రాస్తే నాలాంటివాళ్ళు పలుగులు పట్టుకుని బయలుదేరతారు. "మా రేవులో సీమచింత ఉందండి, దాన్ని అక్కణ్ణుంచి తీసేత్తే చాలండి, ధర మీరే చెప్పండి" అన్నారావిడ. ఇరవై ఏళ్ళ పైచిలుకు సర్వీసులో ధర నన్నే చెప్పమన్న యజమాని నాకు తగలడం అదే మొదలు. మర్నాడే వెళ్ళాను.

ఆవిడ భర్త నూకరాజు గారు దాటు పడవ నడిపిన సరంగు. పడవ నడిపే పెద్దను మా వైపు సరంగంటారు. ఇంజను పడవ మీద జనాన్నీ సైకిళ్ళనీ కొబ్బరికాయల బస్తాల్నీ అవతలి ఒడ్డుకు చేర్చేవారు. వంతెన వచ్చి దాటు ఆగిపోయింది. పడవ అమ్మేశారు, దాన్ని రేవులో కట్టే లావు తాడు, మోకు, ఒక్కటీ ఉంచుకున్నారు. ఇల్లు ఏటిగట్టుకు ఇవతల క్షేమంగానే ఉంది. ఆయన మాత్రం పొద్దున్నే గట్టు దిగి, రేవు పక్కనున్న తమ సొంత భూమి చెక్కలో ఆ సీమచింత మొదట్లో కూర్చునేవారు. భోజనానికి పిలిస్తే వచ్చి, తిని, మళ్ళీ వెళ్ళిపోయేవారు.

చెట్టు చూడగానే నేను బేరగాడి ముఖం పెట్టడం మర్చిపోయాను. నిలువెత్తు కూడా లేదు. మొదలు మాత్రం ఇద్దరు కూర్చునే అరుగంత వెడల్పు. పైన చిగురు వేసిందల్లా మేకలు తినేశాయి. పడవకు అడ్డొస్తుందని సరంగు గారు కొమ్మలు నరుకుతూ వచ్చారు. అసలు సంగతి నడుం దగ్గరుంది. ముప్పయ్యేళ్ళు మోకు ఒరిసి ఒరిసి అక్కడ గాడి పడింది. గాడికి కిందా పైనా బెరడు పొంగి, పెదవుల్లా ఒత్తుకుంది. అలాంటిది చేతితో చెక్కి తెప్పించలేం.

అయితే చెట్టుకు ఏటి వైపు నేల రెండు బారలే మిగిలింది. కింద నీళ్ళు ఒడ్డును కోసేస్తున్నాయి. పైన నేల మీద బీట తీసింది. రాబోయే వరదకు ఆ ముక్క నిలవదని చూసినవాడికెవడికైనా తెలుస్తుంది. సరంగు గారికీ తెలుసు. తెలిసే అక్కడ కూర్చునేవారు.

మంగమ్మ గారు నన్ను పక్కకు పిలిచి ఉన్నమాట చెప్పారు. ఆవిడకు చెట్టు అమ్మడం ముఖ్యం కాదు. చెట్టు అక్కడుంటే ఆయన అక్కణ్ణుంచి లేవరు, ఏదో ఒకనాడు ఒడ్డుతోపాటు ఆయనా పోతారు. "మానై వంగుతాడాండీ ఈయన? మనిషిని ఎలాగూ లేపలేను, చెట్టునైనా లేపండి" అన్నారు. చెబుతూ ఆవిడ నా వైపు చూడలేదు, గట్టు దిగువన భర్త వీపు వైపే చూశారు. ఆ చూపు నాకు ఇప్పటికీ గుర్తుంది.

నేను వెళ్ళి ఆయన పక్కన కూర్చున్నాను. "బాబాయ్ గారూ, చెట్టు ఇస్తారా" అనడిగాను.

"మీరు మొక్కల మేస్టారు కదండి. ఆయ్, విన్నాను" అన్నారు. ఏటి వైపు తిరిగి, "ఓడెక్కేదాకా ఓడ మల్లయ్యండి, దిగేక బోడి మల్లయ్య. వంతెనొచ్చేక నా మొకం చూసింది ఇదొక్కటేనండి. బతుకుద్దంటే తీసుకెళ్ళండి. బతకదంటే మాత్రం ముట్టుకోకండి. ఏట్లోకి పోయే రాతుంటే ఇద్దరం పోతాం" అన్నారు.

బతుకుతుందని మాటివ్వడం మా వృత్తిలో నిషేధం. లేపిన చెట్టు బతకడం వేళ్ళ చేతిలో ఉంటుంది, మన చేతిలో కాదు. నేను మాటివ్వలేదు. చేతనైనంతా చేస్తానని, ఏం జరిగినా దాచకుండా చెబుతానని మాత్రం అన్నాను. ఆయన ఆలోచించి, "దాచకపోతే చాలండి" అన్నారు.

ఇలాంటి చెట్టును ఒక్కసారిగా లేపకూడదు. చుట్టూ సగం కందకం తవ్వి, ఆ వైపు వేళ్ళు రంపంతో నున్నగా కోసి, ఇసుకా కొబ్బరిపొట్టూ కలిపి నింపాలి. ఆ మెత్తదనంలోకి పిల్లవేళ్ళు వస్తాయి. మరుసటి ఏడు రెండో సగం. ఆ తర్వాత లేపడం. మాకు మరుసటి ఏడు లేదు, శ్రావణంలోపే వరద వస్తుంది. కాబట్టి మాఘంలో సగం కోసి, ఉగాది ముందు మిగతా సగం కోసి, అప్పుడే లేపాలని నిర్ణయించాం. తవ్వకం మా మేస్త్రీ గంగరాజు చేతిలో పెట్టాను. మాటలెక్కువ, చెయ్యి మాత్రం మెత్తన.

మా పనిలో ఒక అలవాటు ఉంది. కోత మొదలెట్టే ముందు యజమానిని అక్కణ్ణుంచి పంపించేస్తాం. ఆకు దూసేసి, కొమ్మలు నరికి, వేళ్ళు కోస్తుంటే పెంచినవాళ్ళు చూడలేరు. సగంలో వద్దనేస్తారు. సగం కోసిన చెట్టును వదిలేస్తే అది చచ్చినట్టే. అందుకని పలుగు దించే ముందు "పిన్నిగారూ, కాస్త టీ పెట్టండి" అంటాం. ఇంట్లో ఎంతమంది ఉంటే అంతమందికీ ఏదో ఒక పని పురమాయిస్తాం. ఉగాది ముందు లేపిన రోజున మంగమ్మ గారు టీకి వెళ్ళారు. సరంగు గారు కదల్లేదు. తువ్వాలు నేల మీద పరుచుకుని కూర్చున్నారు. గంగరాజు నా వైపు చూశాడు. నేను కానివ్వమన్నాను, వేరే గతిలేక.

తూర్పు వైపు బెరడు మీద సున్నం బొట్టు పెట్టాం, కొత్తచోట కూడా అదే ముఖం తూర్పుకు పెట్టడానికి. కొమ్మలు కోశాం. కోసిన చోటల్లా మందు పూశాం. ఏటి వైపు వేళ్ళు గాలిలో వేలాడుతున్నాయి, వాటిని కోస్తుంటే సరంగు గారు కళ్ళు మూసుకుంటారేమోనని చూశాను. మూసుకోలేదు. మట్టిగడ్డకు గోనెపట్టా చుట్టి పురికొసతో బిగించి, వాసాల మీద మోసి వ్యాను ఎక్కించాం. ఆయన తువ్వాలు దులుపుకుని లేచి, "మెల్లగా తోలమనండి" అన్నారు. అంతే.

నర్సరీలో షేడ్‌నెట్ కింద ఇసుక మడిలో దాన్ని తాళ్ళతో కట్టి నిలబెట్టాం. ఇక చేయాల్సింది తడి చూసుకోవడం, కదపకుండా ఉండడం. కొత్త వేళ్ళు సేమ్యా కన్నా సన్నంగా ఉంటాయి. చెట్టు ఒక్క వేలెడు ఊగినా తెగిపోతాయి. వైశాఖంలో చిగురు వేసింది. నేను సంతోషించలేదు. మొదటి చిగురును మా వృత్తిలో లెక్కలోకి తీసుకోం. మానులో దాచుకున్న పాత బలంతో వచ్చేస్తుందది, కింద వేరు లేకపోయినా సరే. రెండోసారి వేస్తేనే బతికినట్టు. ఆ మాట సరంగు గారికీ చెప్పాను. ఆయన చెవికి ఎక్కలేదు. వారం వారం రాజోలు నుంచి బస్సెక్కి, రావులపాలెంలో మారి వచ్చేవారు. చిగుర్లను చంటిపిల్ల వేళ్ళలా ముట్టుకోకుండా చూసి, గంగరాజుతో టీ తాగి వెళ్ళేవారు. రేవుకు వెళ్ళడం బాగా తగ్గిందని మంగమ్మ గారు ఫోనులో మురిసిపోయారు.

అలా వచ్చినప్పుడే ఒకసారి సంచిలో మోకు తెచ్చారు. నేను ఆఫీసు గుమ్మంలో ఉన్నాను. మోకు ఇంకా ఆ గాడిలో కూర్చుంటుందో లేదో చూసుకోవాలనిపించిందట. మడి పక్కన వంగి, నడుం చుట్టూ తిప్పారు. చక్కగా కూర్చుంది. ముడి వేశారు. ముడి వేసిన సరంగు చెయ్యి ఊరుకోదు. పడవ కట్టిన ప్రతిసారీ వెనక్కి వాలి ఒక్క గుంజు గుంజి చూసుకోవాలి. గుంజి చూడకుండా రేవు వదిలినవాడు సరంగే కాదు. ఆయన వెనక్కి వాలి గుంజారు.

గంగరాజు "అయ్యో బాబాయ్ గారూ" అని అరవడం, మడిలో ఇసుక పగలడం ఒక్కసారే జరిగాయి. నాకు తిట్టాలన్నంత కోపం వచ్చింది. మడి దగ్గరికి పరిగెత్తేదాకానే ఆ కోపం. ఆయన మోకు వదిలేసి రెండు చేతులూ దూరంగా పెట్టుకుని, అవి తనవి కానట్టు చూసుకుంటున్నారు. ఆ మనిషిని ఏమంటాం?

తర్వాతి వారం ఆయన వచ్చేసరికి చిగుర్లన్నీ వేలాడిపోయి ఉన్నాయి. దాచనని మాటిచ్చాను కాబట్టి దాచలేదు. టీ తాగకుండా, మోకు కూడా తీసుకోకుండా వెళ్ళిపోయారు. ఆ పై వారం రాలేదు. జ్యేష్ఠం నడుమ మంగమ్మ గారి ఫోను వచ్చింది. "చెట్టు తీసేత్తే రేవు మానేత్తారనుకున్నానండి. ఇప్పుడు ఆ గోతిలోకి దిగి కూర్చుంటన్నారు." 

గంగరాజును వెంటబెట్టుకుని వెళ్ళాను. మేం చెట్టు లేపిన గొయ్యి అలాగే ఉంది. బీట ఇంకా వెడల్పయింది. ఆయన గోతిలో ఏటి వైపు తిరిగి కూర్చున్నారు. మంగమ్మ గారు గట్టు మీద నిలబడి ఉన్నారు, రోజూ అలాగే కాపలా కాస్తున్నారట.

మొదటి చిగురు ఎలాగూ వాడేదేననీ, గుంజడం వల్లే వాడిందని చెప్పడానికి లేదనీ నేను అన్నాను. అది నిజమే. ఆయన తల అడ్డంగా ఊపారు. "ఓదార్చకండి మేస్టారూ. కట్టు జారితే సేతికి తెలుత్తదండి. అడుగున తెగింది నా సేతికి తెలిసింది."

"ఓదార్చడం నా డ్యూటీ కాదు బాబాయ్ గారూ" అన్నాను. "గోరుతో గీరి చూశాను, బెరడు కింద ఇంకా పచ్చగానే ఉంది. వేరు తెగితే తెగి ఉండొచ్చు, చెట్టు పోలేదు. ఇక ముందు కదలకూడదు. ఈదురుగాలులు మొదలయ్యాయి. మేం కట్టిన తాళ్ళు వదులవుతున్నాయి. మీ మోకు మా దగ్గరే ఉంది. వచ్చి కట్టండి."

గంగరాజు అందుకుని, తాను గోనెపట్టాలు కట్టేవాణ్ణే గానీ పడవలు కట్టేవాణ్ణి కాదన్నాడు. సరంగు గారు మాత్రం చెట్టు మీద మళ్ళీ చెయ్యి వెయ్యనన్నారు. ఒకసారి చంపినవాణ్ణి రెండోసారి చంపమంటారా అన్నారు.

అప్పుడు గట్టు మీద నుంచి మంగమ్మ గారు గట్టిగా అన్నారు. "ముప్పయ్యేళ్ళు సరిగ్గా కట్టి, ఒక్కసారి తప్పు కడితే కట్టడం మానేత్తారా? కూరలో ఉప్పెక్కువైన రోజున నేను వంట మానేసేనా? మీరు తినడం మానేసేరా?"

గంగరాజు నవ్వేశాడు. సరంగు గారు నవ్వలేదు గానీ, గోతిలోంచి చెయ్యి పైకి చాపారు. నేను పట్టుకుని లేపాను. నా సర్వీసులో ఇంత బరువైనది లేపలేదు.

అదే వ్యానులో ఇద్దర్నీ తీసుకొచ్చాం. వాళ్ళమ్మాయి కాపురం ఆలమూరులో, నర్సరీకి దగ్గరే. వరదల కాలం వెళ్ళేదాకా అక్కడే ఉండమని ఆ అమ్మాయి ఎప్పట్నుంచో పోరుతోంది. మర్నాడు పొద్దున్న ఆయన మడి దగ్గరికొచ్చారు. మూడు వైపులా గుంజలు పాతించి, చెట్టుకు తగిలేచోట సైకిలు ట్యూబు చుట్టించి, ఆ మోకునే గాడిలో వేసి మూడు గుంజలకూ సమంగా పంచి కట్టారు. కట్టడం అయ్యాక చెయ్యి అలవాటుగా మోకు మీదికి వెళ్ళింది. గాలిలోనే ఆగిపోయింది. చెయ్యి వెనక్కి తీసుకుని, "నువ్వు సూడు బాబూ" అన్నారు గంగరాజుతో. గంగరాజు వేలితో మీటి చూసి, ఆయ్ అన్నాడు. ఆ రోజు నుంచి దాని తడి పొడి ఆయనే చూసుకున్నారు. పొద్దున్నే వచ్చి, మడి పక్కన తువ్వాలు పరుచుకుని కూర్చునేవారు.

ఆషాఢంలో ఎర్రనీళ్ళు వచ్చాయి. మా వైపు కొత్త వరద నీటిని అలాగే అంటారు. ఊరి నుంచి ఎవరో ఫోను చేస్తే, మంగమ్మ గారు నర్సరీకి నడిచి వచ్చి చెప్పారు. రేవు పోయిందట, గొయ్యితో సహా. సరంగు గారు విని, "పడవలేం కట్టి లేవు గదా" అని ఒక్కటే అడిగారు. లేవన్నారావిడ. ఆయన మడి వైపు తిరిగి, తడి చూడటానికి ఇసుకలో వేలు పెట్టారు. మంగమ్మ గారు ఆయన వెనకాలే కూర్చుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చాలాసేపు ఏడ్చారు. అది దుఃఖం కాదని మా అందరికీ తెలుసు.

శ్రావణంలో రెండో చిగురు వేసింది. ముందు చూసింది ఆవిడే, ఎర్రచీమలు పట్టాయనుకుని నన్ను పిలిచారు. చీమలు కాదు, మొలకలు. గాడి కిందున్న పెదవి పొడుగునా వరసగా పొడుచుకొచ్చాయి. ఈసారి నేను సంతోషించాను, బయటికే.

నర్సరీ చెట్టు అమ్మకానికే ఉంటుంది. నేను రిటైరయ్యే ముందు, సరంగు గారే మళ్ళీ మోకు కట్టిన కుండీలో బాగా కుదురుకున్నాక, విశాఖపట్నంలో మేడ మీద తోట పెంచుకునే ఒక టీచరమ్మ గారు దాన్ని కొన్నారు. ఆ గాడి ఏమిటని ఆవిడ అడిగితే, సరంగు గారినే చూపించాను. పంపే రోజున కట్లు విప్పడానికి ఆయన వచ్చారు. మూడు ముడులూ ఒక్కొక్కటే విప్పి, మోకు చుట్ట చుట్టి భుజాన వేసుకున్నారు. వ్యాను కదిలింది. ఆయన రేవులో నిలబడినట్టు నిలబడి, నోటికి చెయ్యి అడ్డం పెట్టి, "పడవ వదుల్తన్నానండోయ్" అని ఒక్క కేక వేశారు. నర్సరీ అంతా పని ఆపి చూసింది. మంగమ్మ గారు, "పదండి, బస్సు పోద్ది" అన్నారు.

ఈ వ్యవహారం నాకు నేర్పింది రెండు సంగతులు. ఆ శ్రావణం తర్వాత నేను కొన్న చెట్ల దగ్గర ఎవర్నీ టీ పెట్టమని లోపలికి పంపలేదు. చూడనిచ్చాక, కోత సగంలో ఆపమన్న యజమాని నాకు తగల్లేదు. మడిలో మొదటి కట్టు అమ్మినవాళ్ళ చేతే కట్టించాను, పంపే రోజున వాళ్ళ చేతే విప్పించాను. అందువల్ల ఎక్కువ చెట్లు బతికాయని చెప్పలేను. బయానా ఇచ్చిన రోజున చెట్టు మనది కాదు, పాతవాళ్ళు కట్టు విప్పిన రోజున అవుతుంది. ఆ రెండింటి మధ్య ఎంతకాలం పడితే అంతకాలం ఆగడం కొనుగోలు అధికారి పనిలో భాగం.